తవుడుకు కొన్న మనవడు

కొవ్వూరు,
14-6-1998

చెల్లాయి మహాలక్ష్మికి,

నువ్వు ఇచ్చిన మాట ఒకటి గుర్తు చెయ్యడానికి ఈ ఉత్తరం. తొమ్మిదేళ్ళ కిందట మా వీధి అరుగు మీద, పురుడు పోసిన రోజున, మనిద్దరి మనవడిని పాతగుడ్డ పరిచిన చేటలో పడుకోబెట్టారు. వాడి నుదుటి మీద చెయ్యి వేసి అందరూ వినేలా అన్నావు. "మూడేళ్ళు నిండనివ్వండి అన్నయ్యా. మా తవుడు మేం తెచ్చుకుని మా పిల్లాణ్ణి మేం కొనుక్కెళ్తాం." మూడేళ్ళు నిండాయి. ఆ తరవాత ఇంకో ఆరేళ్ళు కావస్తున్నాయి. మీరు కొనుక్కోలేదు.

ఇన్నాళ్ళూ ఆ మాట ఎత్తలేదు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు, మూడోవాడైనా దక్కాలంటే మృత్యువు కళ్ళు కప్పాలి, కన్నవాళ్ళు పిల్లవాడిని తవుడుకి అమ్మేస్తే చావు ఆ గుమ్మం మరిచిపోతుంది అని నువ్వు ఏడ్చావు. నీ వదిన చిట్టెమ్మ నీతో కలిసి ఏడ్చింది. ఇద్దరాడవాళ్ళ ఏడుపు కన్నా మూఢనమ్మకమే నయమనిపించి కొనేవాడిగా కూర్చున్నాను. నేను మూడు సోలల తవుడు మీ ఆయన తువ్వాలులో పోశాను. నీ కొడుకు గణేష్‌బాబు పిల్లవాడిని ఎత్తి నా చేతుల్లో పెట్టి, నువ్వు నేర్పిన మాటే చిలకలా అప్పగించాడు. "వీడు మావాడు కాదండి, మీవాడే." వాడికి దుర్గాసాయి అని పేరు పెట్టినా రెండిళ్ళలోనూ తవుడనే పిలుచుకున్నాం.

ఇప్పుడు సంగతి విను. నా కూతురు దుర్గాశ్రీ మీద నీ కొడుకు విడాకుల దావా వేసి ఏడాది దాటింది. అది ఎప్పటికి తేలుతుందో ఎవరూ చెప్పలేరు. అంతదాకా పిల్లవాడి తిండికీ చదువుకీ తండ్రి నెలనెలా ఏదో ఒకటి ఇవ్వాలని, మధ్యంతర భరణం కోసం దుర్గాశ్రీ నరసాపురం కోర్టులో పిటిషన్ పెట్టింది. ఇద్దరూ నా దగ్గరే ఉంటున్నారు కాని నేను పోయిన నాడు నా పెన్షనూ పోతుంది. ప్రైవేటు బడిలో దానికొచ్చే పంతులమ్మ జీతం నీకు తెలుసు. పిటిషన్‌కి నీ కొడుకు జవాబు దాఖలు చేశాడని మా ప్లీడరు జ్ఞానప్రకాశం గారు కబురు పెట్టారు. వైరస్ వచ్చి రొయ్యల చెరువులు పోయాయి, చేతిలో ఏమీ లేదు అని రాసి ఉంటాడనుకుంటూ వెళ్ళాను. మేనల్లుడి అబద్ధాలకు అలవాటు పడినవాణ్ణి, ఇంకో అబద్ధానికి బెదరను. కాని అతను రాసింది నిజం. బెదిరింది దానికి.

ఈ బాలుడు చట్టరీత్యా నా కొడుకు కాడు అని రాశాడు. కొడుకులు లేని మా మావగారు వీణ్ణి పురిటి రోజే పెద్దల సమక్షంలో మా చేతుల మీదుగా దత్తత తీసుకున్నారు, భార్య పక్కన ఉండగా తవుడు ఇచ్చి పుచ్చుకున్నారు, బడిలో చేర్పించింది కూడా ఆయనే, కాబట్టి పోషించే బాధ్యత ఆయనది, నాకే సంబంధమూ లేదు అని రాశాడు. "మావాడు కాదండి, మీవాడే" అన్న మాట కూడా ఎత్తి రాశాడు, ఇంగ్లీషులో.

జ్ఞానప్రకాశం గారు లూథరన్ మిషన్ వారి బిడ్డ. ఆయనకి ఈ తవుడు తంతు తెలియదు. నేను చెబుతుంటే మొదట నవ్వారు. తరవాత నవ్వు ఆపేసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "దత్తతకి హోమాలూ అవీ అక్కర్లేదు మాస్టారూ. ఇవ్వాలి, పుచ్చుకోవాలి. అంతే. మీరు పుచ్చుకున్నారు కదా," అన్నారు. దత్తత అయితే అది తిరగదట. తిరిగేదైతే దత్తత కాదట. మాకున్న దారి అదొక్కటే అని చెప్పి ఒకటే ప్రశ్న అడిగారు. తిరిగి కొనుక్కోవడానికి వాళ్ళు ఎప్పుడైనా వచ్చారా అని. రాలేదని చెప్పాను.

వేదకాలంలో ఒక తండ్రి నూరు ఆవులకి కొడుకుని అమ్ముకున్నాడని చదివాను. అతను కనీసం ఆవులు పుచ్చుకున్నాడు. మీవాడు తవుడుకే సరిపెట్టుకున్నాడు. నా సహాధ్యాయి, మీ ఆయన పల్లంరాజు, కాలేజీ రోజుల్లో నా దగ్గర పట్టుకెళ్ళిన పుస్తకం తను పోయేదాకా తిరిగివ్వలేదు. ఆ ఇంటివాళ్ళు తీసుకున్నది ఇవ్వరు, ఇచ్చింది మళ్ళీ తీసుకోరు అని అప్పుడే గ్రహించి ఉంటే నీకు ఆ సంబంధం వద్దనేవాణ్ణి, నా కూతుర్ని ఆ ఇంటికి ఇచ్చేవాణ్ణే కాదు.

మీ ఫోను గణేష్ గదిలో ఉంది కనక ఉత్తరమే రాస్తున్నాను. నువ్వు కోర్టుకు వచ్చి, అది వట్టి తంతేనని చెప్పాలి.

అమ్మిరాజు


మొగల్తూరు,
26-6-1998

పూజ్యులైన అన్నయ్యగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. ఇక్కడ కాలవ నీళ్ళు ఆలస్యంగా వదిలారు. నారుమళ్ళు ఇప్పుడే వేస్తున్నారు. గణేష్ చెరువుల దగ్గరే ఉంటున్నాడు. భీమవరం వెళ్తే రెండు మూడు రోజులు రాడు. అక్కడ ఎవరింట్లో ఉంటున్నాడో మీకూ తెలుసు, నాకూ తెలుసు, మళ్ళీ రాయడం ఎందుకు.

కోర్టు కాగితాల సంగతులు నాకు తెలియవండి. ఐదో క్లాసు చదువు నాది. మగవాళ్ళు ఏవో రాసుకుంటారు. తవుడు గణేష్ కొడుకు కాదని ఎవరంటారండి. వెనకనించి చూస్తే నడక కూడా ఈ ఇంటి తాతయ్యదే, ఎడమ కాలు కొంచెం విసిరినట్టు వేస్తాడు.

మీ పుస్తకం కోసం ఆయన పెట్టె వెతికాను. అట్ట దొరికింది. లోపలిదంతా చెదలు తినేశాయి. అట్ట పంపమంటే పంపుతాను.

మీ ఉత్తరంలో ఒక మాట రెండుసార్లు చదువుకున్నాను. తిరిగి కొనుక్కోవడానికి మేం రాలేదని ప్లీడరు గారితో చెప్పారని రాశారు. వదిన పోయిన తరవాత మీ ఒంట్లో బాగుండటం లేదు, మందుల వల్ల మరుపు వస్తోందేమో. ఒకసారి నెమ్మదిగా గుర్తు తెచ్చుకోండి. నేను అంతకన్నా రాయలేను.

తవుడుకి దగ్గు తగ్గిందా? మా ఊరివాళ్ళు కొవ్వూరు వస్తుంటే మామిడి తాండ్ర ఇచ్చి పంపుతున్నాను. వాడికి రోజూ కొంచెం పెట్టమని దుర్గాశ్రీకి చెప్పండి. నేను పంపానని చెప్పక్కర్లేదు.

మీ చెల్లెలు
మహాలక్ష్మి


కొవ్వూరు,
9-8-1998

మహాలక్ష్మమ్మ గారికి,

గారు అనే రాస్తున్నాను. ఎదుటి పక్షం సాక్షిని మర్యాదగా పిలవాలి కదా.

నా మరుపు గురించి బెంగపడ్డావు. గోదావరికి ఏ ఏడు ఎంత వరద వచ్చిందో, ఏ లంక ఎప్పుడు కొట్టుకుపోయిందో కాగితం చూడకుండా చెప్పగలను. నీకు మాత్రం నాలుగు నెలల కిందట ఏ కాగితం మీద సంతకం పెట్టావో గుర్తులేదు. నీ కొడుకు జవాబు వెనకాల ఇంకో ప్రమాణపత్రం కుట్టి ఉంది, మొదటిసారి నేను అంతదాకా తిప్పలేదు. పిల్లవాడిని ఇవ్వగా, అన్నగారు పుచ్చుకోగా కళ్ళారా చూశానని అందులో ఉంది. కింద నీ పేరు. అక్షరాలు కుడివైపు వాలిపోయాయి. పలక మీద నీకు అక్షరాలు దిద్దించినవాణ్ణి, ఆ వాలు ఎవరిదో ఇంకొకరు నాకు చెప్పక్కర్లేదు. జ్ఞానప్రకాశం గారు ఆ పేజీ నా వైపు తిప్పి, "ఈవిడ ఎవరండి మీకు?" అని అడిగారు.

మొన్న నరసాపురంలో వాయిదా ఉంది. దుర్గాశ్రీతో పాటు పిల్లవాడిని కూడా తీసుకువెళ్ళాం. తండ్రిని చూసి ఏడాదైందని వాడికి హుషారు. బయలుదేరేముందు కొవ్వూరు బస్టాండులో ఆత్రేయపురం పూతరేకులు కొనమని పేచీ పెట్టాడు. నాన్నకి ఇష్టమట. పొట్లం ఒళ్ళో పెట్టుకుని, నలిగిపోతాయని దారి పొడుగునా రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

కోర్టు వరండాలో గణేష్ కనపడగానే పరుగెత్తాడు. నీ కొడుకు చేతులు చాపబోయాడు. ఆ మాట ఒప్పుకోవాలి. పక్కనున్న వాళ్ళ ప్లీడరు మెల్లిగా ఏదో అన్నాడు. నీ కొడుకు చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. పిల్లవాడు పొట్లం పట్టుకుని వాళ్ళిద్దరి ముందు నిలబడ్డాడు. ఎంతసేపో తెలియదు, నాకు మాత్రం ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో అంత పొడుగు పీరియడ్ లేదు. తరవాత లోపల, వాళ్ళ ప్లీడరు తన పక్షంవాళ్ళ మెప్పు కోసం తెలుగులోనే మొదలుపెట్టాడు. వీడు అమ్మిరాజు గారి కొడుకండి, తవుడిచ్చి కొనుక్కున్నారండి, ఇప్పుడు పోషించలేక మా క్లయింటు మీదకి తోస్తున్నారండి అన్నాడు. బెంచీల మీద ఉన్నవాళ్ళు నవ్వారు. పిల్లవాడు నా పక్కనే ఉన్నాడు.

తిరిగి వస్తుంటే తణుకు దాటేదాకా వాడు పొట్లం వైపే చూస్తూ కూర్చున్నాడు. తరవాత నా చొక్కా పట్టుకుని లాగాడు.

"తాతయ్యా, నేను నీ కొడుకునైతే అమ్మ నాకు అక్కవుతుందా?"

దుర్గాశ్రీ కిటికీ వైపు తిరిగిపోయింది. ఇన్ని పుస్తకాలు చదివాను, ఎందులోనూ ఈ ప్రశ్న లేదు. రాత్రి పొట్లం విప్పితే పూతరేకులు పొడుం అయి ఉన్నాయి. వాడు ఆ పొడుమే తిని పడుకున్నాడు.

ఆ వాయిదా నాడు జ్ఞానప్రకాశం గారు జడ్జిగారిని ఒకటి అడిగారు. ప్రమాణపత్రం ఇచ్చినావిడని పిలిపించండి, నాలుగు మాటలు అడగాలి అని. ఒప్పుకున్నారు. నిన్ను పిలుస్తారు. నీ సంతకానికి నువ్వే జవాబు చెప్పుకో. రోమనుల కాలంలో తండ్రి కొడుకుని అమ్మచ్చు, కాని మూడుసార్లు అమ్మితే కొడుకు మీద హక్కు పోయేది. మీరు ఒక్కసారికే పోగొట్టుకున్నారు.

అమ్మిరాజు


మొగల్తూరు,
20-8-1998

అన్నయ్యా,

ఈసారి మీరు అని రాయడం నా వల్ల కాదు. నీకు కాలేజీలో ఉద్యోగం వచ్చిందాకా నువ్వనే పిలిచాను. ఈ ఒక్క ఉత్తరంలో మళ్ళీ అలాగే పిలుస్తాను. కోపం వస్తే రానీ.

ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేనే. నాకు తెలియదని ముందు రాసింది అబద్ధం. గణేష్ నన్ను మోసం చెయ్యలేదు, చదివి వినిపించాడు. పిల్లాణ్ణి నీ చేతుల్లో పెట్టాం, నువ్వు తవుడు పోశావు, మళ్ళీ కొనుక్కోలేదు అని ఉంది. అన్నీ జరిగినవే కదా. దత్తత అన్న మాట దగ్గర ఆగి, ఇదేంట్రా అన్నాను. అది ప్లీడర్ల భాష అమ్మా, నీకెందుకు అన్నాడు. నేను తినేది వాడి చేతి కూడు. సంతకం పెట్టాను. వాడు పూతరేకుల పొట్లం సంగతి నాకు చెప్పలేదు. నీ ఉత్తరం చదివాకే తెలిసింది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

నేను రాసింది ఒక అబద్ధం. నువ్వు రాసింది కూడా ఒకటుంది కదా అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. మేం రాలేదని ప్లీడరు గారితో చెప్పావు. వచ్చాం అన్నయ్యా.

తవుడుకి మూడేళ్ళు నిండిన నెలలోనే వచ్చాం. మీ బావ మిల్లుకి స్వయంగా వెళ్ళి కొత్త తవుడు పట్టించుకొచ్చారు. కొత్త గుడ్డలో మూట కట్టుకుని మొదటి బస్సుకి బయలుదేరాం. మేం వచ్చేసరికి నీ సావిట్లో మీ కాలేజీవాళ్ళు నలుగురైదుగురు కూర్చుని కాఫీలు తాగుతున్నారు. నేను మూట విప్పి, అన్నయ్యా తువ్వాలు పట్టండి, మా పిల్లాణ్ణి కొనుక్కోవడానికొచ్చాం అన్నాను. నువ్వు వాళ్ళ వైపు చూసి నవ్వావు. నువ్వన్న మాట నాకు ఒక్క అక్షరం తప్పులేకుండా గుర్తుంది.

"వీడి రేటు పెరిగిందమ్మా. తవుడు చాలదు, ఈసారి ధాన్యం తెచ్చుకోండి."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, ఏం చెయ్యాలో తోచక. మళ్ళీ పట్టమన్నాను. నువ్వు నవ్వు ఆపి, చదువుకున్నవాళ్ళ ఇంట్లో ఇలాంటివి ఒకసారి చేసిందే ఎక్కువ, నేను పట్టను అన్నావు. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. నేను మూట విప్పుకుని అలాగే నిలబడ్డాను. అప్పుడు మీ బావ నా చెయ్యి పట్టుకుని, "పదవే, బావ పనిలో ఉన్నాడు," అన్నారు. మెట్లు దిగి వచ్చేశాం. కొవ్వూరు బస్టాండు దగ్గర ఒక గేదె కట్టేసి ఉంది. తవుడంతా దానికి పెట్టేశాను. ఇంటికి తీసుకెళ్ళడానికి మనసొప్పలేదు.

నిడదవోలు దాటాక ఆయన అన్నారు, ఈ సంగతి ఎవరితోనూ అనకు, మీ అన్నయ్య పరువు పోతుంది, పిల్లాడు బాగానే ఉన్నాడు కదా అని. ఆయన పోయి రెండేళ్ళయింది. గణేష్‌తో కూడా నేను అనలేదు. కాబట్టే వాడికి మేం రాలేదనే తెలుసు. తెలిస్తే ఆ కాగితం రాసేవాడో, ఇంకోలా రాసేవాడో నేను చెప్పలేను. నా కొడుకు గురించి నాకే తెలియకుండా పోయింది.

ఇప్పుడు నువ్వే చెప్పు. కోర్టులో వచ్చాం అంటే నువ్వు అబద్ధమాడినట్టవుతుంది. రాలేదు అంటే పిల్లాడు నీ కొడుకై కూర్చుంటాడు, దుర్గాశ్రీ వాడికి అక్కవుతుంది. వచ్చాం అన్న రోజున నాకు ఈ ఇంట్లో చోటుంటుందో ఉండదో. అది నేను చూసుకుంటాను. నీ సంగతి నువ్వు చూసుకో.

మహాలక్ష్మి


కొవ్వూరు,
28-8-1998

మహాలక్ష్మికి,

ఉత్తరం అందింది. రెండు రోజులు బల్ల మీదే ఉంచాను. జ్ఞానప్రకాశం గారికి చూపించలేదు, నోటితో చెప్పాను. ఆయన ఫైలు మూసి, "ఇది ముందే చెప్పాల్సింది మాస్టారూ," అన్నారు.

విచారణ వచ్చే నెల పదహారు, బుధవారం. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఒక్క సవరణ. చిట్టెమ్మ ఆ రోజు ఏడవలేదు. ఉల్లిపాయలు తరుగుతోంది.

అమ్మిరాజు


కొవ్వూరు,
19-9-1998

చెల్లాయి మహాలక్ష్మికి,

బుధవారం పొద్దున గణేష్ కారులో అతని సాక్షిగా వచ్చి, మధ్యాహ్నం ఒంటరిగా బస్సెక్కి వెళ్ళావు. నువ్వు వెళ్ళాక ఏం జరిగిందో నీకు తెలియాలి కనక రాస్తున్నాను.

నువ్వు బోనులో నిలబడి, మేం వచ్చామండి, మా అన్నయ్యగారు పట్టనన్నారండి అన్నప్పుడు నేను నేల చూస్తున్నాను. అందరి ముందూ మళ్ళీ గారు అన్నావు. అది గమనించాను. నీ కొడుకు మొహం నువ్వు చూడలేదు, నేను చూశాను. కోపం కాదు. పిల్లలు ఒక్కొక్కప్పుడు పరీక్షలో రాని ప్రశ్న చూసినప్పుడు అలా చూస్తారు.

ఆ తరవాత వాళ్ళ ప్లీడరు వేసిన మెలిక నువ్వూ విన్నావు. ఇంత చదువుకున్నాయన తవుడు పట్టనన్నారంటే అర్థమేంటండి, పిల్లవాణ్ణి ఉంచుకోవాలనేగా, మా దత్తత ఇంకా గట్టిపడింది అన్నాడు. జ్ఞానప్రకాశం గారు కూడా ఒక్క క్షణం తడబడ్డారు. నువ్వు బోను కొయ్య పట్టుకుని నన్ను చూశావు. నీ మాట వల్ల పిల్లవాడు మునిగిపోతున్నాడేమో అని నీ కళ్ళు అడిగాయి. జడ్జిగారు నన్ను లేవమన్నారు.

"ఎందుకు పట్టలేదండి మీరు?"

ఉంచుకోవాలని అంటే పిల్లవాడు నావాడవుతాడు. మూఢనమ్మకమని అంటే మరి మొదట ఎందుకు పట్టావంటారు. నిలబడ్డచోట నాకు చెప్పడానికి నిజం తప్ప ఇంకేమీ దొరకలేదు.

"సిగ్గేసిందండి," అన్నాను. "స్నేహితులున్నారు."

ఈసారి బెంచీల మీద ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

తరవాత వరండాలో నువ్వు సంచిలోంచి మూట తీశావు. నేను అనుకోలేదు. కోర్టు గుమాస్తాలు, టీ కుర్రాళ్ళు, ప్లీడర్లు చూస్తుండగా తువ్వాలు పట్టాను. కొలవడానికి సోల లేక దోసిలితో పోశావు. వేళ్ళ సందుల్లోంచి సగం నా చెప్పుల మీద పడింది. పిల్లవాడు నా పక్కనించి నీ పక్కకి నడిచి వచ్చి, "నానమ్మా, ఈసారి రసీదు తీసుకో," అన్నాడు. నువ్వు వెనక్కి తిరగలేదు కనక నీకు తెలియని సంగతి ఒకటుంది. గణేష్ మెట్ల దగ్గర నిలబడి అంతా చూశాడు. పిల్లవాడు నీ పక్కకి వచ్చినప్పుడు అతనూ ఒక అడుగు ముందుకు వేశాడు. వాళ్ళ ప్లీడరు పిలిచాడు. ఆగిపోయాడు. నిన్ను ఎక్కించుకోకుండానే కారు వెళ్ళిపోవడం మాత్రం నువ్వే చూశావు.

భోజనాల తరవాత ఆర్డరు చెప్పారు. తిరిగి కొనుక్కుంటామన్న మాట మొదటి రోజే ఉంది, కొనుక్కోవడానికి వచ్చిన సంగతి కూడా ఆ నానమ్మే చెబుతోంది, తిరిగి వచ్చేదాన్ని దత్తత అనరు, కాబట్టి విడాకుల దావా తేలేదాకా తండ్రే ఈ బాలుడి పోషణకు నెలనెలా చెల్లించాలి అన్నారు. దుర్గాశ్రీ అడిగినంత ఇవ్వలేదు. చెరువుల నష్టం కొంత లెక్కలోకి తీసుకున్నారు. నీ కొడుకు పై కోర్టుకు వెళ్తాడని వింటున్నాను. వెళ్ళనీ. పిల్లవాడికి తండ్రి ఉన్నాడని కాగితం మీద పడింది. జ్ఞానప్రకాశం గారు వాడికి తెలుగులో విడమరిచి చెప్పారు. అంతా విని వాడు ఒక్కటే అడిగాడు, అయితే అమ్మ అమ్మేనా అని. దుర్గాశ్రీ అప్పటిదాకా ఏడవలేదు.

తవుడు ఇంటికే తెచ్చాను. తువ్వాలు అలాగే ముడి వేసి వంటింట్లో మేకుకు తగిలించి ఉంది. ఏం చేస్తావు నాన్నా దాన్ని అని దుర్గాశ్రీ అడిగితే చెప్పలేకపోయాను. మా వీధిలో గేదెలు లేవు.

గణేష్ ఇంట్లో ఉండనిస్తున్నాడా? లేకపోతే ఇక్కడికి రా. చిట్టెమ్మ గది ఖాళీగానే ఉంది. నీకు నచ్చని పుస్తకాలు కొన్ని అందులో ఉన్నాయి, తీయిస్తాను.

ఇక చివరి సంగతి. నేను పట్టనన్న మాట నిజం. జడ్జిగారి ముందు ఒప్పుకున్నాను, నీ ముందు మళ్ళీ ఒప్పుకోను. కాని నువ్వు రాసినదాంట్లోనే ఉంది చూడు. నేను పట్టనన్నాక నువ్వు కదల్లేదు. మూట విప్పుకుని అలాగే నిలబడ్డావు. ఇంకాసేపు నిలబడి ఉంటే వచ్చినవాళ్ళు లేచి వెళ్ళేవారు. చిట్టెమ్మ వంటింట్లోంచి వచ్చి నన్ను దులిపేసేది. నేను గొణుక్కుంటూ తువ్వాలు పట్టేవాణ్ణి. నా వంకరతనం కాఫీ చల్లారేంతసేపే ఉంటుందని నీకు తెలియకపోవచ్చు. కాలేజీలో నా పక్క బెంచీలో కూర్చున్నవాడికి తెలుసు. తెలిసి కూడా నా మాట పట్టుకుని, నీ చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. పైగా నా పరువు కాపాడుతున్నానని నీ నోరు కట్టేసి, తాను పెద్దమనిషిగా పోయాడు. నీ కొడుకు చిన్నవాడు, అతనికి తెలియదు. వాళ్ళ ప్లీడరు పని వాళ్ళ ప్లీడరు చేశాడు. పోయినవాణ్ణి అనకూడదంటారు. ఈ పిల్లవాడు కోర్టు వరండాలో పూతరేకుల పొట్లం పట్టుకుని అలా నిలబడాల్సి రావడానికి కారణం ఎవరని నన్ను ఎవరడిగినా, ఎన్నిసార్లు అడిగినా, నేను చెప్పే పేరు ఒక్కటే. పల్లంరాజు.